నెట్‌వర్క్ నుంచి మందుల షాపు తప్పుకుంటే

2012 జనవరి 1న అమెరికాలో ఎన్నో కుటుంబాలకు ఇంటి పక్కనున్న మందుల షాపు రాత్రికి రాత్రే పరాయిదైపోయింది. షాపు మూతపడలేదు. కౌంటర్ వెనక అదే ఫార్మసిస్టు, అరల్లో అవే మందులు. మారిందల్లా ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే కంప్యూటర్ ఇచ్చే జవాబు ఒక్కటే. దేశమంతటా దాదాపు 7,800 షాపులున్న వాల్‌గ్రీన్స్‌కు, ఇన్సూరెన్స్ పథకాల తరఫున మందుల బిల్లులు చూసే ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్‌కు మధ్య ఒప్పందం 2011 డిసెంబర్ 31తో ముగిసింది. ఒక్కో ప్రిస్క్రిప్షన్‌కు షాపుకు ఎంత చెల్లించాలన్న దగ్గర బేరం కుదరలేదు. ఏడాదికి సుమారు 9 కోట్ల ప్రిస్క్రిప్షన్ల వ్యాపారం అది. చివరికి 2012 జూలైలో రాజీ కుదిరి, సెప్టెంబర్ 15 నుంచి ఆ షాపులు మళ్లీ నెట్‌వర్క్‌లోకి, అంటే ఇన్సూరెన్స్ కార్డు చెల్లే షాపుల జాబితాలోకి వచ్చాయి. మధ్యలో గడిచినవి ఎనిమిదిన్నర నెలలు. రోజుకొక బీపీ మాత్ర వేసుకునే మనిషికి అవి 250కి పైగా మాత్రలు.

ఆ తర్వాత కూడా ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి. 2016 డిసెంబర్ 1న సైనిక కుటుంబాల ఆరోగ్య పథకమైన ట్రైకేర్ నెట్‌వర్క్‌లోకి వాల్‌గ్రీన్స్ వచ్చింది, మందుల షాపుల మరో పెద్ద గొలుసు సంస్థ సీవీఎస్ బయటికి వెళ్లింది. 2022 అక్టోబర్‌లో అదే ట్రైకేర్ నుంచి దాదాపు 15,000 చిన్న మందుల షాపులు ఒకేసారి తప్పుకోవాల్సి వచ్చింది. కొత్త రేట్లు తమకు గిట్టుబాటు కావని వాటి యజమానులు మొత్తుకున్నారు. వార్తల్లోకి ఎక్కనివి ఇంకెన్నో. అమెరికాలో పనిచేసే తెలుగు కుటుంబాలకైతే ఇది ఉద్యోగం మారినప్పుడల్లా ఎదురయ్యే సమస్య. ఇన్సూరెన్స్ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి కంపెనీ మారితే కార్డు మారుతుంది, కార్డు మారితే నాలుగేళ్లుగా అలవాటైన షాపు నెట్‌వర్క్‌లో ఉంటుందన్న భరోసా లేదు. షాపు తప్పుకున్నా, మనిషే వేరే పథకంలోకి వెళ్లినా జేబుకు పడే చిల్లు ఒక్కటే.

ఈ వ్యవహారంలో ఖర్చు తగ్గించుకోవాలంటే నెట్‌వర్క్ అంటే ఏమిటో ముందు తెలియాలి. అది వైద్య నాణ్యతకు ముద్ర కాదు. ఫలానా రేటుకు మందు ఇస్తామని షాపు, ఆ షాపుకు రోగులను పంపుతామని ఇన్సూరెన్స్ పక్షం రాసుకున్న ధరల ఒప్పందం మాత్రమే. ఇన్సూరెన్స్ పక్షాన ఈ బేరం ఆడేది పీబీఎం (ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్) అనే మధ్యవర్తి సంస్థ. కార్డు మీద బిన్, పీసీఎన్, గ్రూప్ అని కనిపించే అంకెలు, అక్షరాలు ఈ సంస్థకు దారి చూపేవే. ఫార్మసిస్టు వాటిని కొట్టగానే బిల్లు పీబీఎం కంప్యూటర్‌కు వెళ్లి, కొన్ని సెకన్లలో ‘రోగి ఇంత కట్టాలి’ అనో ‘ఈ షాపు మా ఒప్పందంలో లేదు’ అనో తిరిగొస్తుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో ఇచ్చిన మధ్యంతర నివేదిక ప్రకారం సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడు పీబీఎంలే దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతాన్ని నడిపిస్తున్నాయి. ఈ మూడింటికీ మందులు ఇంటికి పోస్టులో పంపే సొంత మెయిల్ ఆర్డర్ ఫార్మసీలున్నాయి; మొదటిదైతే పేరులోనే తెలుస్తున్నట్టు దేశమంతటా షాపులున్న గొలుసు సంస్థకు తోబుట్టువు. రేటు నిర్ణయించేవారే పోటీ షాపు నడుపుతున్నారన్నమాట. వీధి చివరి చిన్న షాపు నెట్‌వర్క్ నుంచి తప్పుకున్నప్పుడు ‘ఆయనకు ఆశ ఎక్కువ’ అనుకునే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి. మందు కొన్న ధర కూడా తిరిగి రాని బిల్లులు ఆ చిన్న షాపులకు నిజంగానే ఎదురవుతాయి. అర్కాన్సాస్ రాష్ట్రం దీన్ని అదుపు చేసే చట్టం తెస్తే పీబీఎంల సంఘం సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2020 డిసెంబర్‌లో న్యాయమూర్తులు 8-0తో రాష్ట్రం వైపు తీర్పు చెప్పారు.

నెట్‌వర్క్ ధరల ఒప్పందమే అయినప్పుడు, ఆ ఒప్పందం వెలుపల కూడా ధరలుంటాయి కదా? ఉంటాయి. డబ్బు మిగిలేది అక్కడే. ఒకే మాత్రకు ఒకే రోజు కనీసం మూడు ధరలు నడుస్తుంటాయి. మొదటిది ఇన్సూరెన్స్ కింద రోగి కట్టే వాటా, అంటే కోపే. రెండోది ఏ కార్డూ చూపకుండా అడిగితే షాపు చెప్పే నగదు ధర. మూడోది డిస్కౌంట్ కార్డు లేదా కూపన్ చూపిస్తే వచ్చే ధర. వీటిలో కోపేయే అన్నిటికన్నా తక్కువని చాలామంది నమ్మకం. ఖరీదైన మందులకు అది నిజం. చాలాకాలంగా వాడుకలో ఉన్న జెనరిక్ మందుల (పేటెంటు తీరాక వేర్వేరు కంపెనీలు చౌకగా తయారుచేసేవి) విషయంలో చాలాసార్లు తప్పు. 2013 నాటి బిల్లులను పరిశీలించి 2018లో వెలువరించిన ఒక అమెరికా అధ్యయనంలో సుమారు 23 శాతం ప్రిస్క్రిప్షన్లకు రోగి కట్టిన కోపే, ఇన్సూరెన్స్ పక్షం ఆ మందుకు సగటున చెల్లించే ధరకన్నా 2 డాలర్లకు మించి ఎక్కువగా ఉందని తేలింది. ఇన్సూరెన్స్ ఉండి కూడా ఎక్కువ కట్టారన్నమాట. అంతకన్నా బాధ కలిగించే విషయం మరొకటుంది. నగదుకు కొంటే చౌకగా వస్తుందని తెలిసినా ఆ మాట రోగికి చెప్పకూడదని ఫార్మసిస్టుల నోరు కట్టేసే షరతులు అప్పటి ఒప్పందాల్లో ఉండేవి. 2018 అక్టోబర్‌లో వచ్చిన రెండు ఫెడరల్ చట్టాలు ఆ షరతులను నిషేధించాయి. అయినా రోగి అడగకపోయినా చెప్పి తీరాలన్న నిబంధన ఆ చట్టాల్లో లేదు. కాబట్టి ‘ఇన్సూరెన్స్ లేకుండా ఈ మందు ఎంత?’ అన్న ప్రశ్న కౌంటర్ దగ్గర రోగే వేయాలి.

డిస్కౌంట్ కార్డు వెనక మర్మం చాలామందికి తెలియదు. గుడ్‌ఆర్ఎక్స్ వంటి కూపన్ల మీద కూడా బిన్, పీసీఎన్, గ్రూప్ అంకెలే ఉంటాయి. అవి కూడా ఏదో ఒక పీబీఎం దగ్గరికే వెళ్తాయి. ఇన్సూరెన్స్ పథకంతో తెగిపోయిన షాపుకు కూపన్ల వెనకున్న ఒప్పందంతో తెగిపోయి ఉండాలన్న నియమం లేదు. అందుకే ‘మీ కార్డు ఇక్కడ చెల్లదు’ అన్న కౌంటర్లోనే కూపన్ చెల్లుతుంది, ఒక్కోసారి పాత కోపే కన్నా తక్కువకే మందు చేతికొస్తుంది. ఊళ్లోని రెండు షాపుల మధ్య ఒకే కూపన్ ధరలో రెండింతలు, మూడింతల తేడా ఉండొచ్చు కాబట్టి ఇల్లు కదలకముందే పోల్చి చూడటం మంచిది. కూపన్ వాడితే సాధారణంగా ఇన్సూరెన్స్ కలవదు, రెండింటిలో ఒక్కటే. ఇంకో జాగ్రత్త: ఈ కూపన్ కంపెనీల చేతికి వెళ్లేది ఆరోగ్య సమాచారం. వినియోగదారుల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిన వ్యవహారంలో గుడ్‌ఆర్ఎక్స్ మీద 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, కంపెనీ 15 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. చాలా షాపులు కూపన్ అంకెలను మాత్రమే చెప్పినా తీసుకుంటాయి. పేరు, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

కూపన్ల అవసరమే లేని చోట్లు కూడా ఉన్నాయి. వాల్‌మార్ట్ 2006లో ఫ్లోరిడాలో మొదలుపెట్టిన చౌక జెనరిక్‌ల జాబితాలో ధరలు 30 రోజుల మందుకు 4 డాలర్ల నుంచి, 90 రోజులకు 10 డాలర్ల నుంచి మొదలవుతాయి. కాస్ట్‌కోలో సరుకులు కొనడానికి సభ్యత్వం కావాలి గానీ ఫార్మసీకి అక్కర్లేదు. 2022 జనవరిలో మొదలైన మార్క్ క్యూబన్ కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అనే ఆన్‌లైన్ ఫార్మసీ మందు కొన్న ధర మీద 15 శాతం, దానిపై ఫార్మసీ రుసుము, పోస్టు ఖర్చు అని లెక్క విప్పి చూపిస్తుంది. అమెరికాలో మందు ధర ఎలా పుట్టిందో రోగికి కనిపించడం ఎంత అరుదో తెలిసినవారికి ఆ ఒక్క వరుస లెక్క విలువ అర్థమవుతుంది.

ఇక అసలు నిర్ణయం. షాపు నెట్‌వర్క్ దాటగానే చాలామంది చేసే పని రెండింటిలో ఒకటి: అన్ని మందులనూ మూటగట్టి కొత్త షాపుకు మార్చేయడం, లేదా అలవాటు వదులుకోలేక పాత షాపులోనే అన్నిటికీ పూర్తి ధర కట్టడం. రెండోది నష్టమని చెప్పక్కర్లేదు. మొదటిది కూడా ఎప్పుడూ లాభం కాదు. మందుల మూటను ముందు రెండుగా విడదీయాలి: చౌక జెనరిక్‌లు ఒక పక్క, బ్రాండ్ మందులు మరో పక్క.

ఒక ఇంట్లో పెద్దాయనకు మూడు మందులున్నాయనుకుందాం: షుగర్‌కు మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఎలిక్విస్. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. నెట్‌వర్క్ షాపులో జెనరిక్‌కు నెలకు 10 డాలర్లు, బ్రాండుకు 45 డాలర్ల కోపే అయితే మూడు నెలలకు మొత్తం 195 డాలర్లు. పాత షాపులో కూపన్ మీద 90 రోజుల మెట్‌ఫార్మిన్ 14, అటోర్వాస్టాటిన్ 18 డాలర్లకు దొరికి, ఎలిక్విస్ ఒక్కటే నెట్‌వర్క్ షాపులో తీసుకుంటే 167 డాలర్లు. అదే మూడింటినీ పాత షాపులోనే ఉంచి, ఎలిక్విస్‌కు నెలకు 600 డాలర్ల పూర్తి ధర కడితే 1,832 డాలర్లు. మొదటి రెండు లెక్కల మధ్య తేడా 28 డాలర్లే. మూడో లెక్క ఇంటి అద్దెను మింగేస్తుంది. ఖరీదైన మందు నెట్‌వర్క్ వెంట వెళ్లాల్సిందే. చౌక మందు ఎక్కడ ఉండాలన్నది రోగి ఇష్టం.

ఈ విభజనలో ఒక మెలిక ఉంది. కూపన్ మీదో నగదుకో కొన్న మందు ఖర్చు సాధారణంగా డిడక్టిబుల్ లెక్కలోకి రాదు. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ తన వాటా మొదలుపెట్టేముందు రోగి సొంతంగా భరించాల్సిన మొత్తం. ఆ ఏడాది ఆపరేషనో ప్రసవమో ఉండి ఎలాగూ డిడక్టిబుల్ నిండుతుందని తెలిసినవారు ప్రతి డాలరూ ఇన్సూరెన్స్ లెక్కలో పడేలా చూసుకోవడం మేలు. ఏడాదంతా మాత్రలు తప్ప ఆస్పత్రి ముఖం చూడని మనిషికి ఆ లెక్కతో పనిలేదు, చౌక ధరే లాభం. వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల్లోని డబ్బు మాత్రం ఎలా కొన్నా వాడుకోవచ్చు. బ్రాండ్ మందులకు తయారీ కంపెనీలిచ్చే కోపే కార్డులు కూడా బాగా పనికొస్తాయి గానీ మెడికేర్‌లో (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) ఉన్నవారికి చట్టరీత్యా అవి వర్తించవు.

షాపు మారడం కాగితం మీద సులువు. కొత్త షాపుకు పాత షాపు పేరు, ఫోన్ నంబరు, మందు పేరు చెబితే వాళ్లే మాట్లాడుకుని మిగిలిన రీఫిల్స్ (అదే ప్రిస్క్రిప్షన్ మీద మళ్లీ మందు తీసుకునే విడతలు) తెప్పించుకుంటారు. అయితే ఇక్కడే మాత్రలు తప్పిపోతుంటాయి. పాత సీసా మీది లేబుల్‌ను ఒక్క నిమిషం చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ఆర్ఎక్స్ అని మొదలయ్యే నంబరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో, ఎన్ని రీఫిల్స్ మిగిలాయో, ఏ తేదీలోగా వాడుకోవాలో అన్నీ అక్కడే ఉంటాయి. రీఫిల్స్ సున్నా అయితే మార్చడానికి ఏమీ మిగల్లేదు, డాక్టరు కొత్త షాపుకే కొత్త ప్రిస్క్రిప్షన్ పంపాలి. ఆ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో సాధారణంగా తయారీదారు పేరు కూడా ఉంటుంది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో తెలుగు వాళ్ల వంటింట్లో ఉన్న సీసా మీద అక్కడ అరబిందో అనో డాక్టర్ రెడ్డీస్ అనో కనిపించడం వింతేమీ కాదు. జడ్చర్లలోనో బాచుపల్లిలోనో తయారైన మాత్ర సముద్రాలు దాటి అక్కడికి చేరింది. హైదరాబాద్ చుట్టుపక్కల చౌకగా తయారయ్యే ఆ మాత్రకు అక్కడ ఇన్ని రకాల ధరలు పుట్టడానికి మాత్రలోని మందు కారణం కాదు, మధ్యనున్న ఒప్పందాలే కారణం.

తయారీదారు పేరుకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. కొత్త షాపు వేరే కంపెనీ జెనరిక్ ఇస్తే మాత్ర రంగు, ఆకారం మారిపోతాయి. నిన్నటిదాకా పొడవాటి తెల్ల మాత్ర వేసుకున్న పెద్దావిడకు ఇవాళ గుండ్రటి మాత్ర వస్తే, అది వేరే మందేమోనని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. రెండు సీసాల మీది మందు పేరు, మిల్లీగ్రాములు పక్కపక్కన పెట్టి చూపించి, పాత సీసాలోని మాత్రలు అయ్యాకే కొత్తది మొదలుపెట్టించడం ఇంట్లో చదవగలిగినవారి బాధ్యత.

అన్ని మందులూ ఒకేలా బదిలీ కావు. నొప్పికి వాడే ఆక్సికోడోన్, ఏకాగ్రత సమస్యకు ఇచ్చే కొన్ని మందులు కఠిన నియంత్రణలో ఉంటాయి. వాటికి రీఫిల్స్ ఉండవు, ప్రతిసారీ డాక్టరు కొత్తగా రాయాల్సిందే. ఖరీదైన మందుకు ముందుగా తీసుకున్న ఇన్సూరెన్స్ అనుమతి షాపుకు కాకుండా పథకానికి చెందుతుంది. షాపు ఒక్కటే మారితే అది సాధారణంగా అలాగే ఉంటుంది, పథకమే మారితే మళ్లీ మొదటినుంచి తీసుకోవాలి. ఈ తేడా తెలియక డాక్టరు కార్యాలయానికి వారం రోజులు ఫోన్లు చేసేవాళ్లున్నారు. నెట్‌వర్క్ షాపు దూరమైతే మెయిల్ ఆర్డర్ పనికొస్తుంది, 90 రోజుల మందు తరచుగా తక్కువ కోపేకే వస్తుంది. మొదటి పార్సిల్ రావడానికి రోజులు పడుతుంది కాబట్టి రెండు వారాల మాత్రలైనా చేతిలో ఉండగానే ఆర్డర్ చేయాలి.

పిల్లల దగ్గర గ్రీన్‌కార్డుతో స్థిరపడి మెడికేర్‌లో చేరిన తల్లిదండ్రుల సంగతి కొంచెం వేరు. మెడికేర్ మందుల పథకాల్లో నెట్‌వర్క్ షాపులు కూడా రెండు తరగతులు: ప్రాధాన్యం ఉన్నవి, లేనివి. షాపు నెట్‌వర్క్‌లోనే ఉన్నా మొదటి తరగతి నుంచి జారిపోతే కోపే పెరుగుతుంది. కార్డు చెల్లుతూనే ఉంటుంది కాబట్టి చాలామంది గమనించరు. ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు పథకం మార్చుకునే గడువుంది. మెడికేర్ వెబ్‌సైటులో మందుల పేర్లు, ఇష్టమైన షాపుల పేర్లు ఇస్తే ఏ పథకంలో ఏడాది మొత్తానికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి చూపిస్తుంది. ఆ గంటసేపటి పని పిల్లలు చేసిపెట్టాలి. మెడికేర్ మందుల పథకంలో రోగి జేబు ఖర్చుకు 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100 డాలర్లు పరిమితి ఉంది. ఖరీదైన మందులు వాడేవారు కూపన్ల వెంట పడితే ఆ పరిమితి నిండటం ఆలస్యమవుతుంది. ఇన్సులిన్‌కు 2023 నుంచి నెలకు 35 డాలర్లకు మించి తీసుకోకూడదు. ధర అంటే ఒప్పందమే అనడానికి మంచి రుజువు కూడా మెడికేర్‌లోనే ఉంది. ప్రభుత్వం స్వయంగా బేరమాడాక 30 రోజుల ఎలిక్విస్ ధర 521 డాలర్ల 2023 నాటి జాబితా ధర నుంచి 231కి, షుగర్ మందు జనువియా 527 నుంచి 113కి దిగి 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి.

విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్లే తల్లిదండ్రులకు ఈ నెట్‌వర్కుల్లో చోటే ఉండదు. పాత జబ్బులకు వాడే మందులను సందర్శకుల ఇన్సూరెన్స్ సాధారణంగా భరించదు. 90 రోజులకు సరిపడా మందులను అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టరు చీటీతో తెచ్చుకోవడం అమెరికా అధికారులు చెప్పే పద్ధతి. మిగిలిన మూడు నెలలకు అక్కడి డాక్టరుతో ప్రిస్క్రిప్షన్ రాయించుకుని కూపన్ ధరకు కొనడమే తేలిక. వాళ్లకు మొదటినుంచీ ప్రతి షాపూ నెట్‌వర్క్ బయటిదే కాబట్టి పైన చెప్పిన నగదు ధర, కూపన్ ధర పద్ధతులన్నీ ముందుగా పనికొచ్చేది వాళ్లకే.

మందులను రెండు షాపులకు పంచినప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక మందు మరో మందుతో పడదని హెచ్చరించే కంప్యూటర్ తన దగ్గరున్న జాబితానే చూస్తుంది. కూపన్ మీద కొన్న మందు సాధారణంగా ఇన్సూరెన్స్ రికార్డులోకి కూడా ఎక్కదు. ఎలిక్విస్ ఒక షాపులో, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రల ప్రిస్క్రిప్షన్ మరో షాపులో ఉంటే రక్తస్రావం ముప్పు గురించి చెప్పేవారే ఉండరు. అందుకే రెండు షాపుల్లోనూ మొత్తం మందుల జాబితా ఇచ్చి, రికార్డులో ఎక్కించమని అడగాలి. వాళ్లు కాదనరు, ఆ సౌకర్యానికి రుసుమూ లేదు.

పాత షాపును వదిలే ముందు ఇంకొక పని ఉంది. చాలా షాపుల్లో ఆటో రీఫిల్ పెట్టి ఉంటుంది, అంటే గడువు రాగానే అడగకుండానే షాపు మందు సిద్ధం చేస్తుంది. బదిలీ కాని మందేదైనా పాత షాపులో మిగిలి, ఆ షాపు మళ్లీ నెట్‌వర్క్‌లోకి వచ్చిందంటే, రోగికి తెలియకుండానే ఇన్సూరెన్స్‌కు బిల్లు వెళ్లి సీసా సిద్ధమైపోతుంది. కొత్త షాపులో అదే మందు అడిగితే ‘ఇంకా గడువు కాలేదు’ అని తిప్పి పంపుతారు. అప్పుడు పాత షాపుకు ఫోన్ చేసి, ఆ బిల్లు వెనక్కి తీసుకోమని చెప్పి, అరలో ఉన్న సీసాను తిరిగి స్టాకులో పెట్టించాలి. ఆటో రీఫిల్ ముందే ఆపించి ఉంటే ఈ తిరుగుడు ఉండేది కాదు.